తొలిచూలు గొర్రె పిల్లను తోసేస్తే ఆక్సిటోసిన్ సూది పనిచేస్తుందా? మెదడులోని గ్రాహకాల గురించి ఒక వివరణ

వింజమూరు ప్రాంతం నుంచి ఒక డిగ్రీ విద్యార్థి మూడు ప్రశ్నలు అడిగారు. వారి ఇంట్లో జోడిపి గొర్రెల మంద ఉంది. అందులో ఒక తొలిచూలు గొర్రె నిన్న రాత్రి ఈని, పిల్లను పొదుగు దగ్గరికి రానివ్వకుండా తలతో కుమ్మి తోసేస్తోంది. ఆక్సిటోసిన్ సూది వేయిస్తే తల్లికి ప్రేమ పుడుతుందని ఎవరో చెప్పారట, అది నిజమా అన్నది మొదటి ప్రశ్న. కాన్పులో గర్భసంచిని ముడిచేది, పాలు చేపించేది, తల్లీపిల్లల మధ్య బంధం కలిపేది ఒకే హార్మోను అని పాఠ్యపుస్తకంలో ఉంది కదా, ఒకే పదార్థం ఇన్ని వేర్వేరు పనులు ఎలా చేస్తుంది అన్నది రెండవది. ఆటిజం ఉన్న తన అక్క కొడుకుకు అదే హార్మోనును ముక్కులో కొట్టే స్ప్రేగా వాడవచ్చునా అన్నది మూడవది. ఉదయగిరి, ఆత్మకూరు వైపు మందల మధ్య పశువైద్యుడిగా చాలా ఏళ్లు పనిచేసి, తరువాత విద్యార్థులకు శరీరధర్మశాస్త్రం బోధించినవాడిని కాబట్టి, మూడింటికీ కలిపి కొంచెం వివరంగానే సమాధానం రాస్తున్నాను.

ముందుగా గొర్రె సంగతి చూద్దాం, ఎందుకంటే పిల్లకు వ్యవధి తక్కువ. ఆ సూదితో ప్రేమ పుట్టదు, దాని కోసం వెతుకుతూ కాలం పోగొట్టుకోకండి. పిల్ల ఇంకా జున్నుపాలు తాగకపోతే, ఒకరు తల్లిని గోడకు ఆనించి కదలకుండా పట్టుకోండి, ఇంకొకరు పిల్ల నోటికి చనుమొన అందించి వెంటనే తాగించండి. అంతకన్నా ముందు పొదుగును చేత్తో తాకి చూడండి. ఒక వైపు వేడిగా, గట్టిగా ఉండి, పిండితే పాలు విరిగినట్లు ముక్కలుగా వస్తే అది పొదుగువాపు. అలాంటి తల్లి నొప్పి భరించలేక పిల్లను తోస్తుంది, కనుక వెంటనే డాక్టరును పిలిపించాలి. పొదుగు బాగానే ఉంటే, తల్లినీ పిల్లనూ మందలోంచి వేరు చేసి, తడికెలతో కట్టిన చిన్న దొడ్డిలో ఇద్దరినే ఉంచి, రోజుకు నాలుగైదు సార్లు తల్లిని పట్టుకొని పాలు తాగిస్తూ ఉండండి. రాత్రంతా పిల్ల తల్లి ముక్కుకు అందే దూరంలోనే ఉందని అనుకుంటున్నాను. అలా ఉన్నట్లయితే, కొద్ది రోజుల్లో చేర్చుకునే అవకాశం ఇంకా ఉంది.

ఇక సూది ఎందుకు పనిచేయదో తెలియాలంటే రెండవ ప్రశ్నలోకి వెళ్లాలి. ఆక్సిటోసిన్ ఒక చిన్న పెప్టైడు, అంటే తొమ్మిది అమైనో ఆమ్లాలు మాత్రమే ఉన్న గొలుసు. పిట్యూటరీ గ్రంథి వెనుక భాగం నుంచి తీసిన సారం గర్భాశయాన్ని ముడుస్తుందని 1906లో హెన్రీ డేల్ చూపించారు. 1953లో విన్సెంట్ డు విగ్నో దానిని ప్రయోగశాలలో తయారుచేశారు, 1955లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మూత్రం పరిమాణాన్ని అదుపు చేసే వాసోప్రెసిన్ దీనికి తోబుట్టువు వంటిది. తొమ్మిదింటిలో రెండే అమైనో ఆమ్లాలు వేరు. ఇంత చిన్న అణువులో ప్రేమ, జాలి, పాలు, నొప్పులు అన్నీ రాసి ఉండడానికి చోటే లేదు. ఏ పని జరగాలన్నది ఆ అణువును అందుకునే కణం మీద ఆధారపడి ఉంటుంది.

అందుకునే ఆ ప్రోటీనునే గ్రాహకం, అంటే రిసెప్టర్ అంటాము. ఆక్సిటోసిన్ గ్రాహకం కణపు పొరను ఏడుసార్లు దాటుతూ అల్లుకొని ఉంటుంది. బయటి వైపు హార్మోను అతుక్కోగానే లోపలి వైపు జీ ప్రోటీను అనే మధ్యవర్తి కదిలి, కణం లోపల కాల్షియం పెరిగేలా చేస్తుంది. గర్భాశయపు కండరంలో కాల్షియం పెరిగితే కండరం ముడుచుకుంటుంది, అదే నొప్పులు రావడం. పొదుగులో పాలగదుల చుట్టూ అల్లుకున్న సన్నని కణాలలో పెరిగితే అవి పిండుకొని పాలు కిందికి దిగుతాయి, అదే చేపడం. నాడీకణంలో పెరిగితే ఆ కణం పక్క కణానికి పంపే సంకేతం మారుతుంది. ఊళ్లో దండోరా వేస్తే అందరికీ వినబడినా, నీళ్ల వంతు ఉన్న రైతు మడవ దగ్గరికి, పన్ను కట్టవలసినవాడు పంచాయతీ ఆఫీసుకు, ఎవరి పనికి వారు కదిలినట్లే, ఒకే హార్మోనుకు ఒక్కో కణం తన స్వభావం ప్రకారం స్పందిస్తుంది. గ్రాహకం లేని కణానికి ఆ దండోరా వినబడనే వినబడదు.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. ఆక్సిటోసిన్ తయారయ్యేది మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్‌లో, ప్రధానంగా రెండు చిన్న నాడీకణ సముదాయాలలో. అక్కడి నుంచి అది రెండు దారులలో పోతుంది. ఒక దారి పిట్యూటరీ వెనుక భాగం మీదుగా రక్తంలోకి, అక్కడి నుంచి గర్భాశయానికి, పొదుగుకు. రెండవ దారి నాడీతంతువుల వెంట మెదడులోని ఇతర భాగాలకు. రక్తంలోని పెప్టైడు మెదడులోకి తేలికగా ప్రవేశించకుండా మెదడు రక్తనాళాల గోడలు గట్టిగా అడ్డుకుంటాయి. తొడ కండరంలో వేసిన సూదిమందు రక్తంలో చేరుతుంది, గర్భాశయాన్ని ముడుస్తుంది, పాలు చేపిస్తుంది, కొద్ది నిమిషాలలోనే విరిగిపోతుంది. పిల్ల మీద మనసు మార్చవలసిన గ్రాహకాలు అడ్డుగోడకు అవతల ఉంటాయి కాబట్టి, వాటికి చెప్పుకోదగినంత మందు అందదు. దూడ చనిపోయిన గేదెకు ఈ సూది వేస్తే పాలు దిగుతాయి గాని, పక్కన కట్టిన పరాయి దూడను అది నాకదు, దాని కోసం అరవదు. పాడి పెంచే వారందరూ చూసే విషయమే ఇది, గ్రాహకాల సంగతి తెలిస్తే దానికి కారణం అర్థమవుతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉంది. పిల్ల అడ్డం తిరిగి ఉన్నా, గర్భాశయ ద్వారం తెరుచుకోకపోయినా, డాక్టరు చూడకుండా ఈ సూది వేస్తే గర్భసంచి చినిగి తల్లీపిల్లా ఇద్దరూ పోవచ్చు. పాల కోసం పాడిపశువు ఆరోగ్యానికి హాని కలిగేలా ఏ పదార్థాన్నయినా సూదిగా వేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 12వ సెక్షన్ కింద నేరం కూడా. మందుల దుకాణంలో చీటీ లేకుండా అడిగి తెచ్చుకునే మందు కాదు ఇది.

గొర్రె మెదడులో ఈ గ్రాహకాలు ఎప్పుడు, ఎలా పనిలోకి వస్తాయన్నదే నాకు ఈ శాస్త్రమంతటిలో అత్యంత ఇష్టమైన భాగం, మీ మందకు నేరుగా సంబంధించిన భాగం కూడా. చూలు చివరి రోజులలో ప్రొజెస్టెరోన్ అనే హార్మోను తగ్గి, ఈస్ట్రోజెన్ అనే హార్మోను పెరుగుతుంది. ఈస్ట్రోజెన్ గర్భాశయంలోనే గాక మెదడులోని కొన్ని భాగాలలో కూడా ఆక్సిటోసిన్ గ్రాహకాలను పెంచుతుంది. అంటే ఈనడానికి ముందే, రాబోయే సంకేతం కోసం మెదడు చోటు సిద్ధం చేసుకుంటుంది. ఆ తరువాత పిల్ల గర్భద్వారం గుండా బయటికి వస్తున్నప్పుడు ఆ మార్గం సాగుతుంది కదా, ఆ సాగుడు వెన్నుపాము ద్వారా మెదడుకు చేరి, మెదడు లోపలే ఆక్సిటోసిన్‌ను ఒక్కసారిగా విడుదల చేయిస్తుంది. ఇంగ్లండుకు చెందిన కెవెర్న్, ఆయన సహచరులు 1983లో ప్రచురించిన ప్రయోగాలలో, యోని, గర్భద్వారాల వద్ద చేత్తో కొన్ని నిమిషాలు ఒత్తిడి కలిగిస్తే, ఈనిన గొర్రె పరాయి పిల్లను కూడా చేర్చుకోగలదని తేలింది. అందుకు భిన్నంగా, వెన్నులో మత్తుమందు ఇచ్చి ఆ స్పర్శ మెదడుకు చేరకుండా చేస్తే, తల్లి ప్రవర్తన దెబ్బతిన్నది. 1987లో కెండ్రిక్, ఆయన సహచరులు ఈస్ట్రోజెన్‌తో సిద్ధం చేసిన, చూలు లేని గొర్రెలకు మెదడులోని ద్రవకుహరంలోకి నేరుగా ఆక్సిటోసిన్ పంపితే, అవి కొద్దిసేపటికే కొత్త పిల్లలను నాకి, చేరదీసి, తల్లి పలుకే పలికాయి. అంతకు ముందే, 1979లో పెడర్సన్, ప్రాంజ్ అనే శాస్త్రజ్ఞులు ఎన్నడూ ఈనని ఆడ ఎలుకలలో ఇదే మార్గంలో తల్లి ప్రవర్తన పుట్టించారు. రక్తంలోకి ఎక్కించిన మందుకూ మెదడులోకి చేర్చిన మందుకూ ఉన్న తేడా ఇదే.

కాని చేరదీయడం వేరు, తన పిల్లనే చేరదీయడం వేరు. ఉదయగిరి వైపు మందలు వరి కోతలయ్యాక పెన్నా డెల్టా పొలాలలో మంద పెట్టినప్పుడు, సాయంత్రం వేళ ఎవరైనా గమనించవచ్చు. మేత నుంచి తల్లులు తిరిగి రాగానే గంపల కింద నుంచి, తడికెల వెనుక నుంచి పిల్లలను వదులుతారు. ఒక్కసారిగా అరుపులు చెలరేగుతాయి. పిల్లలు తొందరలో ఏ పొదుగు కనబడితే దాని కిందికి దూరతాయి. తల్లి మాత్రం మెడ వెనక్కి తిప్పి, పాలు తాగుతున్న పిల్ల తోక కింద ముక్కు పెట్టి వాసన చూస్తుంది. తనది కాకపోతే ఒక్క తాపుతో తోసేస్తుంది. తనదైతే కాళ్లు కొంచెం వెడల్పు చేసి, తల కిందికి వాల్చి నిలబడిపోతుంది. పాలివ్వాలా వద్దా అన్న గుర్తింపు ప్రధానంగా ముక్కులోనే ఉంది.

ఈ గుర్తింపు ఎలా ఏర్పడుతుందో కెండ్రిక్, లెవీ, కెవెర్న్ 1992లో చూపించారు. మెదడు ముందు భాగంలో వాసనలను అందుకునే ఘ్రాణ భాగంలోని నాడీకణాలు, ఈనక ముందు ఎక్కువగా మేత వాసనలకు స్పందిస్తాయి. పిల్ల వాసనను దాదాపుగా పట్టించుకోవు. ఈనిన తరువాత వాటిలో చాలా కణాలు పిల్ల వాసనలకు స్పందించడం మొదలుపెడతాయి, కొన్ని తన సొంత పిల్ల వాసనకే. ఈనే సమయంలో ఘ్రాణ భాగంలో విడుదలయ్యే ఆక్సిటోసిన్, నోరడ్రెనలిన్ అనే మరో సంకేత పదార్థం కలిసి ఈ మార్పుకు తలుపు తెరుస్తాయి. తలుపు తెరిచి ఉండే కాలం మాత్రం కొన్ని గంటలే. ఆ గంటలలో పిల్లను పక్కకు తీసుకుపోతే, తిరిగి తెచ్చినప్పుడు చాలా తల్లులు చేర్చుకోవు. మొదటి గంటలు కలిసి గడిపిన తరువాత విడదీస్తే, బంధం అంత తేలికగా చెడదు.

ఉమ్మనీటి విషయం కూడా ఇక్కడే చెప్పాలి. మామూలు రోజులలో ఉమ్మనీటి వాసన గొర్రెకు గిట్టదు, ఆ తడి ఉన్న మేతను ముట్టదు. ఈనే వేళకు అదే వాసన దానిని లాగుతుంది. పిల్ల ఇంకా బయటికి రాకముందే ఉమ్మనీరు పడిన నేలను నాకుతూ అక్కడక్కడే తిరగడం మీరూ చూసే ఉంటారు. పుట్టిన పిల్లను కడిగి శుభ్రం చేస్తే తొలిచూలు తల్లులు దానిని చేర్చుకోవడం బాగా తగ్గుతుందని పరిశోధనలలో తేలింది. పలుమార్లు ఈనిన గొర్రెకు పాత అనుభవం తోడుంటుంది, మెదడులో ఆక్సిటోసిన్ వ్యవస్థ కూడా వేగంగా మేలుకుంటుంది, కనుక పిల్ల కొంత కడిగినట్లున్నా అది నాకి దగ్గరికి తీసుకుంటుంది. తొలిచూలుకు ఆ అనుభవం లేదు. దానికి ఉమ్మనీటి వాసన, నొప్పులతో వచ్చిన ఆక్సిటోసిన్, పిల్ల అరుపు, అన్నీ ఒకే సమయంలో అందాలి. చలికి జాలిపడి పిల్లను గుడ్డతో పొడిగా తుడిచి ఇంట్లోకి తీసుకుపోయి, తెల్లవారాక తెచ్చి ఇస్తే, ఆ తల్లికి అది పరాయి పిల్లే. మీ ఇంట్లో అలా జరిగి ఉంటే గొర్రెను తప్పుపట్టవద్దు.

కాబట్టి ఇకపై ఈనే వాటి విషయంలో ముక్కు, నోటిలోని జిగురు మాత్రం తీసి, పిల్లను తల్లి ముక్కు ముందు పెట్టి మీరు దూరంగా జరగండి. చలి ఎక్కువగా ఉంటే తల్లి పక్కనే పొడి గడ్డి వేయండి, పిల్లను మోసుకుపోకండి. తల్లి చనిపోయిన పిల్లను మరో తల్లికి అంటగట్టాలంటే, ఆ తల్లి ఈనుతున్నప్పుడే పరాయి పిల్లకు ఆమె ఉమ్మనీరు బాగా పూసి ముందు పెట్టడం, లేదా దాని పిల్ల చనిపోయి ఉంటే ఆ చర్మాన్ని పరాయి పిల్ల వీపు మీద కప్పడం వంటి పెద్దల పద్ధతులు నిజంగా పనిచేసేవే, ఎందుకంటే అవి సరైన గంటలో సరైన వాసనను అందిస్తాయి. ఇందాక చెప్పిన గర్భద్వార స్పర్శ పద్ధతిని మాత్రం పశువైద్యుడు శుభ్రమైన గ్లవ్స్‌తో చేయాలి గాని ఇంట్లో ప్రయత్నించకూడదు. చేతితో పోయే సూక్ష్మక్రిములు గర్భసంచికి చేరితే తల్లినే కోల్పోతారు.

గ్రాహకం ఉన్న చోటును బట్టే ప్రవర్తన ఉంటుందన్న మాటకు ఇంకా బలమైన సాక్ష్యం అమెరికాలోని వోల్ అనే ఎలుక జాతుల నుంచి వచ్చింది. ప్రైరీ వోల్ జంట కట్టి కలిసి పిల్లలను పెంచుతుంది. దాని దగ్గరి బంధువైన కొండప్రాంతపు వోల్ ఒంటరిగా తిరుగుతుంది. రెండింటిలోనూ ఆక్సిటోసిన్ ఉంది. 1992లో ఇన్సెల్, షపీరో గమనించినది ఏమిటంటే, గ్రాహకాలు మెదడులో ఏ భాగాలలో ఉన్నాయన్నది ఆ రెండు జాతుల మధ్య స్పష్టంగా వేరుగా ఉంది. జంట కట్టే జాతిలో, ఇష్టమైనదాన్ని గుర్తుపెట్టుకొని మళ్లీ కోరుకొనేలా చేసే న్యూక్లియస్ అక్యుంబెన్స్ అనే భాగంలో అవి దట్టంగా ఉన్నాయి. 2004లో లిమ్, యంగ్, వారి సహచరులు జంట కట్టని మైదానపు వోల్ మగవాటి మెదడులో, అలాంటి మరొక భాగంలో వాసోప్రెసిన్ గ్రాహకాన్ని ఎక్కువగా తయారయ్యేలా చేస్తే, అవి తమతో ఉన్న ఆడదాని వైపే మొగ్గు చూపాయి. అక్కడ మార్చినది గ్రాహకాన్ని; హార్మోనును ముట్టుకోలేదు.

అయితే ఈ కథను మరీ సూటిగా తీసుకోకూడదు. 2023లో వెలువడిన ఒక ప్రయోగంలో జన్యువులను కోసి మార్చే క్రిస్పర్ పద్ధతితో ఆక్సిటోసిన్ గ్రాహకపు జన్యువును పూర్తిగా తీసేసిన ప్రైరీ వోల్‌లు కూడా జంట కట్టాయి. పుట్టుక నుంచీ ఒక గ్రాహకం లేకపోతే ఎదిగే మెదడు మరో దారి వెతుక్కుంటుందేమో. ఎదిగిన మెదడులో మందుతో ఒక్కసారిగా మూసివేయడం వేరు. ఏమైనా, ఒక గ్రాహకాన్ని ఒక ప్రవర్తనకు ఏకైక మీటగా చెప్పే వ్యాసాలను నేను నమ్మను, మీరూ నమ్మవద్దని కోరుతున్నాను.

ఆక్సిటోసిన్ ఒక్కటే కాదు, మరికొన్ని పెప్టైడుల కథ కూడా ఇలాగే ఉంటుంది. మే నెలలో కావలి ఎండలో తిరిగి వచ్చిన మనిషికి దాహం వేయడంలో యాంజియోటెన్సిన్ అనే పెప్టైడుకు పాత్ర ఉంది. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో అది పెరుగుతుంది. ఇందాక చెప్పిన అడ్డుగోడ మెదడులో కొన్ని చిన్న చోట్ల పలుచగా ఉంటుంది. అలాంటి చోట ఉన్న గ్రాహకాలు దానిని నేరుగా పట్టుకొని దాహాన్ని లేపుతాయి. దాహం లేని ఎలుకల మెదడులోకి దీనిని కొద్దిగా పంపితే అవి వెంటనే నీళ్లు తాగడం మొదలుపెట్టాయని 1970లోనే చూపించారు. నిద్రకు సంబంధించి ఒరెక్సిన్ అనే పెప్టైడు ఉంది. దాని రెండవ గ్రాహకపు జన్యువు చెడిపోయిన డాబర్‌మాన్ కుక్కలు, ఇష్టమైన తిండి కనబడగానే ఉత్సాహంలో కాళ్లు పట్టు తప్పి కూలబడిపోతాయని 1999లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు తేల్చారు. మనుషులలో నార్కోలెప్సీ అనే ఈ నిద్ర జబ్బుకు సాధారణంగా కారణం వేరు, ఒరెక్సిన్ తయారుచేసే కణాలే నశించడం. పంపేవాడు లేకపోయినా, అందుకునేవాడు లేకపోయినా ఫలితం ఒకేలా కనబడుతుంది, చికిత్స మాత్రం ఒకటి కాదు: గ్రాహకమే పాడైన కుక్కకు ఎంత ఒరెక్సిన్ ఇచ్చినా ఆ గ్రాహకం పని తిరిగి రాదు.

మీ మేనల్లుడి విషయంలో చాలా జాగ్రత్తగా రాస్తున్నాను, ఎందుకంటే ఆ ఇంట్లో ఆశ ఎంత ఉంటుందో నాకు తెలుసు. 2005లో ఆక్సిటోసిన్ స్ప్రే మనుషులలో నమ్మకాన్ని పెంచుతుందని ఒక ప్రసిద్ధ ప్రయోగం వచ్చింది. తరువాత ఎక్కువ మందితో అదే పరీక్షను తిరిగి చేసినప్పుడు ఆ ఫలితం నిలబడలేదు. ఆటిజం విషయంలో, 2021లో ఫలితాలు వెలువడిన, అమెరికాలో 290 మంది పిల్లలు, కౌమార వయసువారితో 24 వారాలపాటు జరిగిన పెద్ద పరీక్షలో, ఆక్సిటోసిన్ స్ప్రే తీసుకున్నవారికీ ఉత్త స్ప్రే తీసుకున్నవారికీ సామాజిక ప్రవర్తనలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. ముక్కు ద్వారా ఇచ్చిన మందులో మెదడును చేరేది చాలా కొద్ది భాగమే అయి ఉండాలి, చేరినదీ ఒక్క చోటికే వెళ్లదు. గ్రాహకాలు ఉన్న చోటల్లా పడుతుంది. గొర్రెలో మనం చూసినది అలా కాదు. ఈస్ట్రోజెన్ ముందుగా గ్రాహకాలను పెంచింది, పిల్ల పుట్టుకే సంకేతాన్ని విడుదల చేసింది, సరిగ్గా ఆ గంటలోనే వాసన అందింది. ఏ సమయంలో, ఏ భాగంలో అన్న ఈ కూర్పును స్ప్రే సీసా తీసుకురాలేదు.

ఎవరైనా ఆన్‌లైన్‌లో ఆ స్ప్రే అమ్ముతుంటే కొనవద్దని మీ అక్కకు చెప్పండి. మాట, చూపు, ఆట మీద చిన్న వయసులో మొదలుపెట్టే శిక్షణ మేలు చేస్తుందన్నదానికి ఆధారాలు ఉన్నాయి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో నడిచే సత్వర గుర్తింపు కేంద్రాలలో బాబును చూపించడం డబ్బు ఖర్చు లేని పని. మీ ఊరి ఆశా కార్యకర్తను గాని, దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని గాని అడిగితే అక్కడికి ఎలా పంపుతారో చెబుతారు. బాబు వయసు, ఇప్పుడు ఎన్ని మాటలు మాట్లాడుతున్నాడు, పిలిస్తే తిరిగి చూస్తాడా లేదా అన్నవి ఒక కాగితం మీద రాసుకొని వెళ్లమనండి, డాక్టరు మొదట అడిగేవి అవే.